బొగ్గు ఊరి ఫుట్‌బాల్ జట్టుకు చరిత్ర రాయడం ఎలా

చంద్రపూర్ జిల్లాలో వార్ధా నదికి ఒక ఒడ్డున బల్లార్‌పూర్, ఇంకో ఒడ్డున రాజురా. ఈ రెండింటి చుట్టూ ఉన్న బొగ్గు గనుల్లో ఒకదాంట్లో నేను హాజరీ బాబుగా, అంటే హాజరు రాసే గుమాస్తాగా, పనిచేసి రిటైరయ్యాను. ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. మా కాలనీల్లో ఒకప్పుడు మంచి ఫుట్‌బాల్ జట్లు ఉండేవి, నాగపూర్ దాకా పోయి ఆడి వచ్చేవి. వాటి గురించి ఎక్కడా ఒక్క పేజీ లేదు. క్లబ్ గది కూల్చినప్పుడు కప్పులు, షీల్డులు పాత సామాన్ల బండి ఎక్కాయి. ఆడినవాళ్లలో చాలామంది పోయారు. మిగిలినవాళ్లు ఉండగానే ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. రాయగలిగిన పిల్లలు మా ఇళ్లలోనే ఉన్నారు, ఇది వాళ్ల కోసం.

నమూనాగా పేరున్న పెద్ద క్లబ్‌ను తీసుకోవద్దు. పెద్ద క్లబ్‌లకు జీతం తీసుకుని రాసేవాళ్లు ఉంటారు, వాటి కాగితాలు భద్రంగా ఉంటాయి. మనకు కావలసింది మనలాంటి ఊరు. నాకు దొరికింది యూరప్‌లో మాంటెనెగ్రో దేశంలోని ప్లెవ్లియా. ఆ దేశం విస్తీర్ణం 13,812 చదరపు కిలోమీటర్లు. మా జిల్లా 11,443. అక్కడి జనాభా 6 లక్షల 20 వేల చిల్లర, మా ఒక్క జిల్లాలో 2011 లెక్కకే 22 లక్షలు. ప్లెవ్లియా ఆ దేశానికి ఉత్తరాన బోస్నియా, సెర్బియా సరిహద్దులకు దగ్గరగా ఉంటుంది. 2011 లెక్కకు ఊళ్లో సుమారు 19 వేల మంది. బొగ్గు గనులు, 1982లో మొదలైన 210 మెగావాట్ల థర్మల్ కేంద్రం. చంద్రపూర్ థర్మల్‌లో మొదటి యూనిట్లు కూడా 210 మెగావాట్లవే. అలాంటి ఊరి జట్టు రుదార్, అంటే గని కార్మికుడు. 1920లో పుట్టింది. 2009-10లో, 2014-15లో దేశ ఛాంపియన్ అయింది. దేశం స్వతంత్రమయ్యాక జరిగిన మొదటి కప్పు పోటీ, 2006-07ది, అదే గెలిచింది. బొగ్గు దుమ్ము, చలికాలం పొగమంచు మధ్య ఉండే చిన్న ఊరు ఇంత దూరం ఎలా వచ్చిందో తెలుసుకుంటూ పోతే, ఇలాంటి చరిత్రను ఏ వరసలో రాయాలో నాకు తేటపడింది.

మొదట బంతి సంగతి పక్కన పెట్టండి. జట్టు గురించి ఒక్క వాక్యం రాయకముందు ఊరి గురించి రెండు పేజీలు రాయండి. ఆ ఊళ్లో జీతం ఎవరిచ్చేవాళ్లు, గని ఎవరిది, ఎప్పుడు చేతులు మారింది, రైలు ఉందా, బస్సు ఎప్పుడొచ్చింది, మైదానం ఎవరి జాగాలో ఉంది. ఇవి తేలితే జట్టు కథలో సగం దానంతటదే తేలుతుంది. మన వైపు చూడండి. బొగ్గు గనులు 1973లో జాతీయమయ్యాయి, 1975లో ప్రభుత్వ బొగ్గు సంస్థ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. అంతకుముందు జట్టుకు బూట్లు కొనిచ్చింది గని యజమాని అయితే, ఆ తర్వాత కొనిచ్చింది ఎవరు? వెల్ఫేర్ నిధా, యూనియన్ చందానా, ఆటగాళ్ల జేబా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే జట్టు ఎందుకు పెరిగిందో, ఎందుకు ఆగిపోయిందో తెలుస్తుంది. ప్లెవ్లియాలో కూడా అంతే. గని పెద్దదైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. జట్టు పుట్టింది దానికి చాలా ముందు. అంటే 1920లో ఆడిన కుర్రాళ్లు ఎవరు, వాళ్ల పని ఏమిటి అన్నది విడిగా వెతకాల్సిన సంగతి. గని కార్మికుడి పేరున్న జట్టు కాబట్టి మొదటినుంచీ గనివాళ్లే ఆడారని అనుకుని రాసేస్తే తప్పుదారి పట్టినట్టే.

తర్వాత సరిహద్దులు. ఇది చాలామంది వదిలేస్తారు, నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. ప్లెవ్లియా 1912 దాకా ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉంది. బాల్కన్ యుద్ధంతో మాంటెనెగ్రో రాజ్యంలో కలిసింది. 1916లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం ఆక్రమించింది. 1918లో సెర్బులు, క్రోయట్లు, స్లొవీన్ల రాజ్యం, 1929లో దానికే యుగోస్లావియా అని పేరు. 1941లో మళ్లీ ఆక్రమణ. 1945 నుంచి సోషలిస్టు యుగోస్లావియా. 1992లో అది ముక్కలై సెర్బియా, మాంటెనెగ్రోలు మాత్రమే మిగిలిన యుగోస్లావియా. 2003లో సెర్బియా-మాంటెనెగ్రో. 2006 మే 21న ప్రజాభిప్రాయ సేకరణ, జూన్ 3న స్వాతంత్ర్యం. ఊరు కదల్లేదు, నది కదల్లేదు, కానీ 1905లో అక్కడ పుట్టినవాడు ముసలివాడయ్యేసరికి ఎన్ని జెండాలు చూసి ఉంటాడు!

మనకు ఇది కొత్తగా అనిపించకూడదు. రాజురా 1948 సెప్టెంబర్ దాకా నిజాం రాజ్యంలో, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో బొంబాయి రాష్ట్రంలో పడి నాందేడ్ జిల్లాకు పోయింది. 1959లో చాందా జిల్లాకు వచ్చింది. 1960లో మహారాష్ట్ర. 1964లో చాందా పేరు చంద్రపూర్ అయింది. కాబట్టి రాజురాలో 1950 నాటి మైదానం కాగితం కావాలంటే చంద్రపూర్ కలెక్టరేట్‌లో అడిగి లాభం లేకపోవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి, ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకుపోవాలి. 1957 నాటిదైతే నాందేడ్. ఈ సంగతి తెలియక ఎంతమంది "రికార్డు లేదు" అన్న మాట విని వెనక్కి వచ్చారో.

అందుకని ఒక పెద్ద నోటుబుక్కు తీసుకుని పేజీకి నాలుగు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో సంవత్సరం. రెండో గడిలో ఆ ఏడు ఊరు ఏ రాజ్యంలో, ఏ జిల్లాలో ఉందో. మూడో గడిలో ఊళ్లో పని సంగతి: గని, సమ్మె, లాకౌట్, వరద. నాలుగో గడిలో జట్టు. ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో చిన్నగా రాయండి, ఎవరు చెప్పారు, ఏ పత్రిక, ఏ తేదీ. నేను ముప్పై ఏళ్లకు పైగా మస్టర్లు వేసినవాణ్ని. కళ్లారా చూడని మనిషికి మస్టర్ వేయకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటి నియమం. చరిత్రకూ అదే నియమం పెట్టుకోండి. తెలియని ఏడు ఉంటే ఆ గడి ఖాళీగా వదలండి. పక్క ఏడు చూసి ఊహించి నింపొద్దు.

మాంటెనెగ్రో గురించి చదివేటప్పుడు ఈ గళ్లు ఎంత పనికొస్తాయో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక క్లబ్ "మాంటెనెగ్రో ఛాంపియన్" అని ఎక్కడైనా కనిపిస్తే ముందు సంవత్సరం చూడాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అది ప్రాంతీయ పోటీ. అక్కడి ఫుట్‌బాల్ సంఘం 1931లో పాత రాజధాని త్సెతిన్యేలో, యుగోస్లావియా సంఘానికి ఉపసంఘంగా ఏర్పడింది. 1946 తర్వాత మాంటెనెగ్రో రిపబ్లిక్ లీగ్ అంటే యుగోస్లావియా నిచ్చెనలో చాలాకాలం మూడో మెట్టు. దాని పైన రెండో లీగ్, ఆపైన బెల్‌గ్రేడ్, జాగ్రెబ్ జట్లు ఆడే మొదటి లీగ్. 2006 తర్వాత అదే మాటకు దేశంలో అందరికంటే పైన ఉన్న జట్టు అని అర్థం. 1970లో రిపబ్లిక్ లీగ్ గెలిచిన జట్టు గొప్పదా, 2010లో దేశ ఛాంపియన్ అయిన రుదార్ గొప్పదా అని పోల్చడానికే లేదు. రెండూ వేరు వేరు పోటీలు. సంవత్సరం, లీగ్ మెట్టు రెండూ రాయకుండా "ఛాంపియన్" అన్న మాట వాడొద్దు. మనవాళ్లు కూడా "జిల్లా ఫస్ట్ వచ్చాం" అంటారు. ఏ జిల్లా? గడ్చిరోలి 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయింది. అంతకుముందు జిల్లా ఫస్ట్ అంటే సిరొంచ దాకా ఉన్న జట్లను దాటి రావడం.

ఆ గళ్లలోనే 1992 కూడా చూడండి. ఆ మే నెలలో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాయి. యుగోస్లావియా జట్టును యూరో పోటీల నుంచి తీసేసి డెన్మార్క్‌ను పిలిచారు, చివరికి ఆ డెన్మార్కే గెలిచింది. ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడి క్లబ్‌లకు యూరప్ పోటీల్లో చోటు లేదు. ఆ ఏళ్లలో ఒక క్లబ్ బయట ఆడలేదని కనిపిస్తే అది ఆటగాళ్ల లోపం కాదు. రెండో, మూడో గళ్లు నింపి పెట్టుకుంటే ఇలాంటి అన్యాయమైన మాట రాయకుండా ఉంటాం.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. రుదార్ అనే పేరుతో జట్లు స్లొవేనియాలో వెలెన్యే, త్ర్బోవ్‌లియేలో, బోస్నియాలో ప్రియెదోర్, కకాన్య్, ఉగ్లియెవిక్‌లో ఉన్నాయి. గనులున్న చాలా ఊళ్లు ఆ పేరు పెట్టుకున్నాయి. ఊరి పేరు లేకుండా వెతికితే ఇంకొకరి గోల్ మీ జట్టు ఖాతాలో పడుతుంది. ఊళ్ల పేర్లూ మారాయి. ఇప్పటి రాజధాని పోద్గొరిత్సా 1946 నుంచి 1992 దాకా టిటోగ్రాద్. బెరానే 1949 నుంచి 1992 దాకా ఇవాన్‌గ్రాద్. పైగా అక్కడ రెండు లిపులు, సిరిలిక్, లాటిన్. పాత పత్రికలు వెతికేటప్పుడు రెండు లిపుల్లోనూ, రెండు పేర్లతోనూ వెతకాలి. అక్కడి పొబ్యెదా పత్రిక 1944 నుంచి వస్తోంది. మనకు నాగపూర్ నుంచి వచ్చే హితవాద ఇంగ్లిష్ పత్రిక 1911లో మొదలైంది, ఆపైన మరాఠీ పత్రికలు ఉన్నాయి. వాటిలో మా ఊరి పేరు ఒకచోట బల్లార్‌పూర్, ఇంకోచోట బల్లార్షా, కొన్నిచోట్ల బల్హార్షా. తెలుగు పేరున్న ఆటగాడిని మరాఠీ విలేఖరి తనకు వినపడినట్టు రాసి ఉంటాడు. ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్నది కూడా చూడాలి. ఒకే మనిషి ఇద్దరిలా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే.

పుట్టిన తేదీ విషయంలో తొందరపడొద్దు. ఏ క్లబ్ అయినా తనకు వీలైనంత పాత సంవత్సరం చెప్పుకుంటుంది, అది సహజం. మాంటెనెగ్రోలో అన్నిటికంటే పాతది త్సెతిన్యేలోని లోవ్చెన్, 1913లో పుట్టింది. అప్పట్లో ఆ రాజ్యంలో పాత జూలియన్ క్యాలెండర్ వాడేవాళ్లు, 1919లో కొత్తదానికి మారారు. రెండింటికీ 13 రోజుల తేడా. 1919కి ముందు తేదీ ఏది కనిపించినా అది ఏ క్యాలెండర్‌దో చూసి రాయాలి. మన దగ్గర ఆ చిక్కు ఫసలీ సంవత్సరాలతో వస్తుంది, నిజాం నాటి కాగితాల్లో తేదీలు ఫసలీలో ఉంటాయి. ఇక యుద్ధాల్లో ఆట ఆగిపోయి, మళ్లీ మొదలైనప్పుడు అది పాత క్లబ్బా, కొత్త క్లబ్బా అన్న ప్రశ్న వస్తుంది. దానికి నా సలహా ఇది: అదే మైదానం, అదే మనుషుల్లో కొందరు, అదే పేరు. ఈ మూడింటిలో రెండు కొనసాగితే అదే క్లబ్ అని రాయండి. ఏ రెండో కూడా చెప్పండి. చదివేవాడు తన అభిప్రాయం తాను ఏర్పరచుకుంటాడు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. కాగితం కంటే ముందు మనుషులు పోతారు కాబట్టి పనిలో ఇదే ముందు చేయాలి. పై గళ్లు సగం నిండేదాకా ఆగొద్దు, ఊరి రెండు పేజీలు చేతిలో ఉంటే చాలు, బయల్దేరండి.

పాత ఆటగాణ్ని కలిసేటప్పుడు "మీ జట్టులో గొప్ప ఆటగాడు ఎవరు" అని అడగొద్దు. మర్యాద కోసం పోయినవాళ్ల పేరు చెప్తారు, అక్కడితో అయిపోతుంది. వస్తువుల గురించి అడగండి. బంతి ఎక్కడ కొన్నారు? బ్లాడర్ పంక్చరైతే ఎవరు అతికేవాళ్లు? బూట్లు అందరికీ ఉండేవా, లేక ఒక జత ఇద్దరు పంచుకునేవాళ్లా? జెర్సీ ఎవరింట్లో ఉతికేవాళ్లు? గోల్ కర్రలు ఏ చెట్టువి? నాగపూర్‌కు ఏ బండిలో పోయారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు? మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, మ్యాచ్ ఏ వేళకు పెట్టేవాళ్లు? ఇలా అడిగితే మనిషి మొహం మారుతుంది, కథ వస్తుంది.

తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. డ్యూటీ అడగండి. మా గనిలో పాత గోల్‌కీపర్ ఒకాయనను నేను కాకా, అంటే బాబాయి, అంటాను; ఆయన భార్యను కాకి అంటాను. ఆయన దగ్గర కూర్చుని, "కాకా, ఆ ఫైనల్ ఏ ఏడు?" అంటే తల అడ్డంగా ఊపాడు. "సరే, ఆ రోజు మీది ఏ షిఫ్ట్?" అన్నాను. "నైట్ షిఫ్ట్ చేసి నిద్ర లేకుండ పోయి ఆడిన బిడ్డా. ఆ నెలనే మన కొత్త క్వార్టర్ల తాళాలు ఇచ్చిండ్రు. మీ కాకి ఆ ఇంట్ల మొదటిసారి పొయ్యి అంటుపెట్టిన రోజు" అన్నాడు. క్వార్టర్లు కేటాయించిన సంవత్సరం ఆ ఇంటి కాగితంలో ఉంది. తేదీ అలా పట్టుకోవాలి. పెళ్లి, పిల్లల పుట్టుక, సమ్మె, వరద, బదిలీ, వీటికి కట్టి అడిగితే ఏడాది దొరుకుతుంది. పక్కన కాకి కూర్చుని ఉంటే ఇంకా మంచిది. ఆడినవాళ్లకంటే ఆ జెర్సీలు ఉతికిన ఆడవాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. ఆయన మర్చిపోయిన ఇద్దరి పేర్లు ఆమే చెప్పింది. ఆడవాళ్లను అడగకుండా వచ్చేస్తే సగం చరిత్ర అక్కడే వదిలి వచ్చినట్టు.

ఆయన ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, గనిలో హిందీ, బజారులో మరాఠీ. చెప్పేటప్పుడు మూడూ కలుస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ముందు అనుమతి అడగండి. రాసేటప్పుడు ఆయన మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దొద్దు. ఒకే మ్యాచ్ గురించి ఇద్దరు వేరువేరు స్కోర్ చెప్తే రెండూ రాయండి, ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టండి. పత్రికలో దొరికితే మూడోది కూడా. ముగ్గురూ నిజమే చెప్పలేరు, కానీ ఎవరిది ఎందుకు అలా గుర్తుందో అదీ చరిత్రే.

రాసే దశకు వచ్చేసరికి ఇంకో ఆకర్షణ లాగుతుంది, పేరున్నవాళ్ల ఆకర్షణ. మాంటెనెగ్రో అనగానే అందరూ 1998లో రియల్ మాడ్రిడ్‌కు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గోల్ కొట్టిన మియాతోవిచ్ గురించీ, 1994లో మిలాన్ తరఫున బార్సిలోనా మీద ఆడిన సావిచెవిచ్ గురించీ మొదలుపెడతారు. ఇద్దరూ పోద్గొరిత్సాలోని బుదుచ్నొస్త్ క్లబ్ నుంచి పైకి వచ్చినవాళ్లు. గొప్పవాళ్లు, సందేహం లేదు. కానీ చిన్న ఊరి క్లబ్ కథ రాస్తూ వాళ్లకు ఐదు పేజీలు ఇస్తే, ఇరవై ఏళ్లు అదే మైదానంలో లెఫ్ట్ బ్యాక్ ఆడి రిటైరైనవాడికి ఐదు లైన్లు కూడా మిగలవు. మన పుస్తకంలో మొదటి హక్కు ఆ లెఫ్ట్ బ్యాక్‌ది.

పెద్ద రోజు ఒకటి మాత్రం విస్తారంగా రాయాలి. గొలుబోవ్‌త్సి అనే చిన్న పట్టణపు జట్టు జేతా 2006-07లో స్వతంత్ర మాంటెనెగ్రో మొదటి లీగ్ గెలిచింది. 2007లో ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో స్కాట్లండ్ జట్టు రేంజర్స్‌తో ఆడింది. గ్లాస్గోలో 2-0, ఇంటి మ్యాచ్‌లో 1-0 తేడాతో ఓడింది. స్కోర్ మాత్రమే చూస్తే రెండు ఓటములు. అంత చిన్న చోటి నుంచి వెళ్లి రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్‌లాంటి స్టేడియంలో నిలబడిన రోజది. ఓడిన మ్యాచ్‌లకు గెలిచిన వాటికంటే ఎక్కువ చోటివ్వడానికి వెనకాడొద్దు. మీ జట్టుకూ అలాంటి రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజును పొద్దున బస్సెక్కడం నుంచి రాత్రి దిగేదాకా రాయండి.

మూతపడిన క్లబ్ అయితే మూత ఎలా పడిందో కూడా దాచకుండా రాయండి. సముద్రం ఒడ్డున బుద్వాలోని మోగ్రెన్ 2009లో, 2011లో దేశ ఛాంపియన్. యాత్రికులతో నిండిపోయే ఊరు, అయినా డబ్బు ఇబ్బందులతో పదేళ్లు తిరగకుండానే ఆ క్లబ్ లేకుండా పోయింది. మన జట్లు ఆగిపోవడానికి కారణాలు వేరు: రిటైర్మెంట్లు, కొత్త భర్తీలు తగ్గడం, గని మూతపడితే బదిలీలు, మైదానంలోకి ఓపెన్ కాస్ట్ గని తవ్విపోసిన మట్టి రావడం, పిల్లలంతా క్రికెట్ వైపు పోవడం. మీ ఊళ్లో ఏది జరిగిందో అదే రాయండి. ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే కాగితం ఉంటేనే రాయండి, లేకపోతే జరిగినదాన్ని మాత్రం చెప్పండి.

ఫొటోల పని చిన్నదే, కానీ వెంటనే చేయాలి. పాత టీమ్ ఫొటో దొరికిన రోజే, అది ఇంకా ఆ ఇంట్లో ఉండగానే, నిలబడినవాళ్లు ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవాళ్లు ఎడమ నుంచి కుడికి, పేర్లు రాయించుకోండి. ఫొటో మీద పెన్ను పెట్టొద్దు, వెనక పెన్సిల్‌తో లేదా విడి కాగితం మీద రాయండి. ఫోన్‌తో తీసేటప్పుడు ఫ్రేమ్ నుంచి బయటికి తీసి, నీడ పడకుండా, వెనక వైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. అసలు ఫొటో ఇంటివాళ్లకే ఇచ్చేయండి.

భాష గురించి అడుగుతారు. తెలుగులో రాయండి, పేర్లు, స్కోర్ల పట్టిక మాత్రం మరాఠీలో కూడా వేయండి. మా ఊళ్లో పిల్లలు మరాఠీ బడిలో చదువుతున్నారు, వాళ్ల తాతల పేర్లు వాళ్లు చదవగలగాలి. 80, 100 పేజీలు దాటక్కర్లేదు. ఆటగాళ్ల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు పుస్తకంలో వేయొద్దు. అచ్చుకు ముందు ఒక ప్రతి తీసి, బతికున్న ఆటగాళ్లలో ఇద్దరికైనా చదివి వినిపించండి, వాళ్లు చెప్పిన దిద్దుబాట్లు పక్కన రాసుకోండి. అచ్చయ్యాక ఒక ప్రతి బడి లైబ్రరీకి, ఒకటి యూనియన్ ఆఫీసుకు, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చువేసిన పుస్తకం ఒక ప్రతి 30 రోజుల్లోగా కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, ఇంకా మరో మూడు గ్రంథాలయాలకు పంపాలి. ప్రచురించినవాళ్లే పంపాలి కాబట్టి ప్రెస్‌వాళ్ల మీద వదిలేయకుండా రిజిస్టర్డ్ పోస్టులో మీరే పంపి, రసీదులు నోటుబుక్కులో అంటించి పెట్టుకోండి.